సేలం పల్లెలో పదవులు, చుట్టరికములు

ఒక యూరి వ్యవహారము తెలియవలెనన్న రెండు జాబితాలను చూడవలెను. ఆ యూరివారు ఎన్నుకొనిన అధికారుల పేర్లు మొదటి జాబితా. ఎవరి యింటి పిల్ల ఎవరి యింటి కోడలైనది, ఎవరు ఎవరికి అప్పుపడిరి, ఎవరి పొలమునకును ఎవరి పొలమునకును నడుమ గట్టు తగాదా యున్నది అనునవి రెండవ జాబితా. మొదటిది కచేరీ కాగితములలో దొరకును. రెండవది సాధారణముగా జనుల నోళ్లయందే యుండి, ఆ తరముతోపాటు గతించును.

అమెరికా ఈశాన్యతీరమున, మసాచుసెట్స్ ప్రాంతమున 17వ శతాబ్దిలో వెలసిన ఊళ్ల విషయములో మాత్రము ఈ రెండును మనకు దక్కినవి. ఆ జనులు ప్రతి విషయమును వ్రాసియుంచు అలవాటుగలవారు. సభల తీర్మానములు, పన్ను చిట్టాలు, వీలునామాలు, పెండ్లి లెక్కలు, న్యాయస్థానపు వాఙ్మూలములు పెక్కు నేటికిని భద్రముగా నున్నవి. వానిని జతపరచి చూచినచో, ఎన్నికైన చిన్న పదవుల వెనుక బంధుత్వములును, స్నేహములును, పగలును ఎట్లు పనిచేసినవో కన్నులకు గట్టినట్లు కనబడును. అట్టి ఊళ్లలో సేలం పల్లె కథ మిక్కిలి విషాదకరమైనది. మన దక్షిణదేశమునందలి సేలము వేరు. అమెరికాలోని సేలమునకు ఆ పేరు బైబిలునుండి వచ్చినది. శాంతి యని దాని యర్థము.

మొదట ఆ ఊళ్ల పరిపాలన ఎట్లుండెడిదో తెలిసికొందము. 1630వ సంవత్సరము మొదలుకొని ప్యూరిటనులు అను మతవర్గమువారు ఇంగ్లండునుండి వేలకొలదిగా వచ్చి బోస్టను మొదలగు చోట్ల స్థిరపడిరి. 1636లో వారి రాజ్యసభయగు జనరల్ కోర్టు ప్రతి టౌనునకును తన భూములను పంచుకొనుటకును, తన కట్టుబాట్లను చేసికొనుటకును, తన యధికారులను ఎన్నుకొనుటకును హక్కు నిచ్చెను. టౌను అనగా నిచ్చట పెద్ద పట్టణమని తలంపరాదు. కొన్ని యిండ్లు, వాని చుట్టు పొలములు, పచ్చికబయళ్లు, అడవి చేరిన గ్రామసీమ యని తలచిన సరిపోవును.

ఏటేట ఆ యూరి పురుషులు ప్రార్థనామందిరమున సభ కూడుచుండిరి. ఆదివారమున దైవప్రార్థన జరుగు కట్టడమే తక్కిన దినములలో ఊరి సభామందిరము. ఆ సభ ముందుగా సెలెక్ట్‌మెన్ అను పెద్దలను ఎన్నుకొనును. సభకును సభకును నడుమ ఊరి బాగోగులు వీరి చేతిలో నుండును. పిమ్మట చిన్న పదవులు. భూముల లెక్కలును, జననమరణములును వ్రాయు గుమాస్తా, పన్ను వసూలు చేసి, వారంటు పట్టుకొని పోవు కానిస్టేబులు, బాటల మరమ్మతు చేయించువారు, కంచెలను తనిఖీ చేయువారు, పందులను అదుపులో నుంచువారు, బందెలదొడ్డి కాపరి, తూనికలకును కొలతలకును ముద్ర వేయువాడు, తోళ్ల నాణెము చూచువాడు. 1670 తరువాత, పదేసి కుటుంబముల నడవడిని కనిపెట్టియుండు టైదింగ్‌మన్ అను నధికారియు చేరెను.

ఇవి వినుటకు అల్పముగా తోచవచ్చును. కాని సేద్యముపై బ్రతుకు ఊరిలో కంచె పడిపోయిననాడు పుట్టు తగవు చిన్నది కాదు. పశువు కంచె దాటి పైరు మేసినచో ఆ నష్టమును ఎవరు భరింపవలెను? కంచె గట్టిగా నుండినచో పశువు గలవాడు. కంచె శిథిలమైయుండినచో పొలము గలవాడు. ఈ తీర్పునకు ఆధారము కంచెల అధికారి మాటయే. ఆ యధికారి యిరువురిలో నొకనికి బావమరిదియైనచో, తీర్పు ఎంత న్యాయమైనను రెండవవాని మనస్సు కుదుటబడదు. ఈ పదవులకు చుట్టరికములతోడి సంబంధము ఇచ్చటనే ఆరంభమగుచున్నది.

ఇందు పెక్కు పదవులకు జీతము లేదు. అయినను ఎన్నికైనవాడు కాదనరాదు. కానిస్టేబులు పదవిని నిరాకరించినవాడు జరిమానా చెల్లింపవలసియుండెను. ఆ పదవి యెవరికిని ఇష్టము లేదు. వసూలు కాని పన్నునకు కానిస్టేబులే జవాబుదారి. అదియుగాక, నిన్న తనతో కలిసి భోజనము చేసినవాని వాకిట నేడు వారంటుతో నిలువవలెను. పందుల పదవి మాత్రము కొంత పరిహాసమునకు దారితీసెను. క్రొత్తగా పెండ్లియైనవానికి దానిని కట్టబెట్టుట పలుచోట్ల వేడుకగా మారెను. కాంకర్డు ఊరిలో 1835వ సంవత్సరమున పెండ్లాడి కాపురము పెట్టిన ప్రఖ్యాత తత్త్వవేత్త ఎమర్సన్‌ను గూడ ఊరివారు ఈ పదవికే ఎన్నుకొనిరి. ఊరిలోనికి క్రొత్తగా వచ్చినవానిని తమవానిగా చేర్చుకొనుటకు అదియు నొక మర్యాదయే.

సభలో మాట ఎవరికుండెను? రాజ్యపు ఎన్నికలలో ఓటు కావలెనన్న దేవాలయసంఘములో సభ్యుడై యుండవలెనని 1631లో నియమము చేసిరి. ఊరి వ్యవహారములలో 24 ఏండ్లు నిండిన ఇతర పురుషులకు గూడ కొంత అవకాశము కల్పించుచు 1647లో మరియొక శాసనము వచ్చెను. స్త్రీలకును, సేవకులకును, బానిసలకును, ఆ నేలకు ఆదినివాసులైన ఇండియనులకును మాట లేదు. 1643నాటి శాసనము ప్రకారము రాజ్యపు పెద్దల ఎన్నికలో అనుకూలురు మొక్కజొన్న గింజను, ప్రతికూలురు చిక్కుడు గింజను వేయుచుండిరి. ఒకటికి మించి వేసినవానికి జరిమానా. ఊరి సభలో చేయి యెత్తుటయో, నోటితో చెప్పుటయో తరచు జరుగుచుండెను. ఎవరు ఎవరి ప్రక్కనో ఎల్లరకును తెలియును. పొరుగువాని యెదుట చేయి యెత్తి, మరునాడు వాని యెడ్లను ఎరువడుగవలసిన ఊరిలో ఓటునకు ఎంత బరువుండునో ఊహింపవచ్చును.

ఇట్లయ్యు, అనేక గ్రామములు దీర్ఘకాలము నెమ్మదిగా సాగినవి. 1636లో స్థాపితమైన డెడమ్ అను ఊరిని గురించి కెన్నెత్ లాక్‌రిజ్ అను చరిత్రకారుడు 1970లో ఒక గ్రంథము ప్రకటించెను. ఏటేట ఎన్నిక జరుగుచున్నను, మొదటి యేబది యేండ్లలో కొద్దిమందియే మరల మరల పెద్దలుగా ఎన్నికగుచు వచ్చిరని ఆయన చూపెను. వారు వయస్సు, భూమి, దేవాలయసంఘములో గౌరవము కలవారు. ఊరు వారిని మార్చగలిగియు మార్చలేదు. ఆ విధముగా ఎన్నిక అనునది పోటీవలె గాక, ఊరిలో అప్పటికే యున్న మన్ననను ప్రతి సంవత్సరము మరల స్థిరపరచు కర్మవలె జరిగెను. ఊరిలోని బంధుత్వములు అందరిని ఒకే అల్లికలో చేర్చినంతకాలము ఈ పద్ధతి నిలుచును. అల్లిక రెండుగా చీలిననాడు ఏమగును? ఈ ప్రశ్నకు సేలం పల్లెలో సమాధానము దొరకును.

సేలం 1626లో వెలసిన రేవు. ఓడల వర్తకముచే పెంపొందెను. దానికి కొన్ని మైళ్ల దూరమున లోపలి పొలములలో నివసించు రైతులును ఆ టౌనునకే చెందియుండిరి. 1667లో వారిలో కొందరు, రేవులో రాత్రికావలి కాయుటనుండి తమకు మినహాయింపు కావలెనని రాజ్యసభకు విన్నవించుకొనిరి. తాము కావలికి పోయినచో దూరముగా విడివిడిగా నున్న తమ యిండ్లకును ఆలుబిడ్డలకును రక్షణ యెవరని వారి మొర. 1672లో వారికి సగము వరము లభించెను. తమకు వేరుగా ప్రార్థనామందిరము కట్టుకొని బోధకుని పెట్టుకొనవచ్చును. అందులకు పన్ను విధించుటకు అయిదుగురితో నొక కమిటీని ఏటేట ఎన్నుకొనవచ్చును. బాటలు, భూములు, ఇతర పన్నులు, పదవులు అన్నియు సేలం టౌను చేతిలోనే నిలిచెను.

ఈ సగము వరములోనే చిక్కు ఇమిడియున్నది. పూర్తి టౌనునకు పది పదవులుండును. పది విధముల తగవులు పది చోట్ల కొంత కొంత చల్లారును. ఈ పల్లెకు తనదని చెప్పుకొనదగిన పదవి యొక్కటే. ఆ కమిటీ చేయగల పనియు నొక్కటే: బోధకుని జీతమునకు పన్ను విధించుట. కావున భూమి తగవైనను, పెండ్లి తగవైనను, ఆస్తి తగవైనను తుదకు బోధకుని జీతముమీదికే వచ్చి పడుచుండెను. మొదటి బోధకుడు జేమ్స్ బేలీ కలహముల నడుమ 1680లో వెడలిపోయెను. అతని వెనుక వచ్చిన జార్జి బరోస్‌కు జీతము సరిగా ముట్టలేదు. 1681లో భార్య మరణింపగా, ఉత్తరక్రియలకై జాన్ పట్నం అను రైతువద్ద అప్పు చేసెను. 1683లో లెక్క తేల్చుకొనుటకు వచ్చిన ఆ బోధకుని, అప్పు తీర్చలేదని జాన్ పట్నం నిర్బంధింపజేసెను. మూడవవాడు డియోడాట్ లాసన్. అతడును 1688లో పోయెను.

ఐదారు వందల జనముగల ఆ పల్లెలో రెండు కుటుంబములు ప్రధానమైనవి. పట్నములు పడమటి వైపు పొలములపై ఆధారపడినవారు. పోర్టరులు తూర్పు వైపున, రేవునకు సమీపముగా నుండి, అచ్చటి వర్తకులతో సంబంధములు గలవారు. 1686లో పట్నముల పెద్దయగు థామస్ పట్నం మరణించెను. అతడు తన వీలునామాలో రెండవ భార్యకును, ఆమె కుమారుడు జోసెఫ్‌కును మేలైన ఆస్తి విడిచెను. మొదటి భార్య కుమారులు, వారిలో పెద్దవాడైన రెండవ థామస్, తమకు అన్యాయము జరిగెనని న్యాయస్థానమున వాదించి ఓడిపోయిరి. 1690లో జోసెఫ్ ఇజ్రాయెల్ పోర్టర్ కుమార్తెను వివాహమాడెను. పట్నముల ఆస్తి ఒక్క పెండ్లితో పోర్టరుల చుట్టరికములోనికి పోయినట్లు రెండవ థామస్ భావించియుండిన ఆశ్చర్యము లేదు.

ఇంతలో 1689లో శామ్యూల్ పారిస్ అను నాలుగవ బోధకుడు వచ్చెను. పూర్వము వర్తకము చేసి రాణింపలేకపోయినవాడు. ఆ సంవత్సరము నవంబరులో పల్లెకు తనదైన దేవాలయసంఘము ఏర్పడెను. పట్నములు అందు ముఖ్యులు. బోధకుని నివాసగృహమును, దాని భూమిని పారిస్‌కు శాశ్వతముగా ఇచ్చివేసినట్లు ఒక సభలో తీర్మానము జరుగగా, ఊరి ఆస్తిని ధారపోయుట చెల్లదని పలువురు ఎదురుతిరిగిరి. ఇచ్చట నొక విషయము గమనింపవలెను. దేవాలయసంఘములో సభ్యులైనవారు కొందరే. పల్లె కమిటీని ఎన్నుకొనుటలో మాత్రము సంఘములో చేరని గృహస్థులకును ఓటు కలదు. అనగా ఒకే ఊరిలో రెండు వలయములు. ఒకదానిలో పట్నములది పైచేయి, రెండవదానిలో ఎవరిదో తేలవలసియుండెను.

1691 అక్టోబరులో తేలెను. ఆనాటి సభ పాత కమిటీని తొలగించి అయిదుగురు క్రొత్తవారిని ఎన్నుకొనెను. వారు జోసెఫ్ పోర్టర్, డేనియల్ ఆండ్రూ, జోసెఫ్ పట్నం, ఫ్రాన్సిస్ నర్స్, జోసెఫ్ హచిన్సన్. ఇక రెండవ జాబితా తెరచి చూతము. ఆండ్రూ పోర్టరుల ఆడపడుచు భర్త. జోసెఫ్ పట్నం, 22 ఏండ్ల యువకుడు, పోర్టరుల అల్లుడు. అయిదుగురిలో ముగ్గురు ఒకే చుట్టరికమువారు. ఫ్రాన్సిస్ నర్స్ భార్య రెబెకా పొరుగూరగు టాప్స్‌ఫీల్డు ఆడపడుచు. పట్నములకును టాప్స్‌ఫీల్డువారికిని చిరకాలముగా పొలిమేర తగవు. ఈ క్రొత్త కమిటీ పారిస్ జీతమునకు పన్ను విధింపలేదు. చలికాలము సమీపించుచున్నది, బోధకుని యింట వంటచెరకు తరుగుచున్నది. సాతాను పన్నాగమును గూర్చి ఆయన ఉపన్యాసములు తీవ్రమగుచు వచ్చెను.

1692 జనవరిలో ఆ బోధకుని యింటిలోనే ఇరువురు బాలికలకు వింతయైన మూర్ఛలు వచ్చెను. త్వరలోనే రెండవ థామస్ పట్నం కుమార్తె, 12 ఏండ్ల ఆన్‌కును అట్లే జరిగెను. ఇది చేతబడి యని నిశ్చయించిరి. ఫిబ్రవరి 29వ తేదీన ముగ్గురు స్త్రీలపై ఫిర్యాదు జరిగెను. ఒకతె పారిస్ యింటి బానిస టిటుబా. ఒకతె బిచ్చమెత్తి బ్రతుకు సారా గుడ్. ఒకతె సారా ఆస్బర్న్. వీరి పక్షమున మాటాడు బంధువర్గము లేదు. అందుచేత ఈ ఫిర్యాదుపై రెండు పక్షములవారును చేరి సంతకము చేసిరి. ఒక ప్రక్క థామస్ పట్నం, అతని తమ్ముడు ఎడ్వర్డు. మరియొక ప్రక్క క్రొత్త కమిటీలోని జోసెఫ్ హచిన్సన్, నర్సుల అల్లుడు థామస్ ప్రెస్టన్. అండలేనివారిపై నింద వేయుటలో ఊరంతయు ఏకమగుట ఎంత సులభమో ఇందువలన తెలియుచున్నది.

మార్చిలో నింద పెద్ద యిండ్ల గడప నెక్కెను. ఫ్రాన్సిస్ నర్స్ భార్య రెబెకా 71 ఏండ్ల వృద్ధురాలు, భక్తురాలు. ఆమెపై ఆరోపణ చేసినవారిలో పట్నం యింటి ఆడువారు ముఖ్యులు. రెండవ థామస్ పట్నం స్వయముగా అనేక వాఙ్మూలములను తన చేతితో వ్రాసెను. మే నెలలో కమిటీ సభ్యుడు డేనియల్ ఆండ్రూపైనను వారంటు పుట్టెను. అతడు పారిపోయి ప్రాణము దక్కించుకొనెను. పూర్వము అప్పుకై నిర్బంధింపబడిన బోధకుడు బరోస్‌ను దూరదేశమునుండి పట్టి తెచ్చిరి. అతనిని ఆగస్టు 19వ తేదీన ఉరితీసిరి.

రెబెకా నర్స్ మంచితనమునకు సాక్ష్యముగా ఇరుగుపొరుగువారు సుమారు 40 మంది ఒక పత్రముపై సంతకములు చేసిరి. ఇజ్రాయెల్ పోర్టర్, అతని భార్య ఎలిజబెత్ అందు మొదటివారు. ఎలిజబెత్ నిందితులను విచారించిన మేజిస్ట్రేటు జాన్ హాథోర్న్‌కు స్వయముగా సోదరి. మరియు, రెబెకాపై మొదట ఫిర్యాదు చేసిన జోనాథన్ పట్నం పేరును, ముగ్గురు స్త్రీలపై ఫిర్యాదు చేసిన హచిన్సన్ పేరును ఆ పత్రముమీద కనబడుచున్నవి. చుట్టరికము మనుష్యులను ఒక ప్రక్కకు లాగవచ్చును గాని, ఎల్లరను ఎల్లకాలము కట్టిపడవేయలేదు. జూరీ మొదట ఆమె నిర్దోషి యనెను. ప్రధాన న్యాయాధిపతి విలియం స్టౌటన్ మరల ఆలోచింపుడనగా, తిరిగి వచ్చి దోషి యనెను. జూలై 19వ తేదీన ఆమెను ఉరితీసిరి. సెప్టెంబరు 22వ తేదీన ఆమె చెల్లెలు మేరీ ఈస్టీకిని అదే గతి పట్టెను. ఆ సంవత్సరమున మొత్తము 19 మందిని ఉరితీసిరి. జైల్సు కోరీ అను వృద్ధుని బండరాళ్ల బరువుతో నొక్కి చంపిరి. మరికొందరు చెరలో మరణించిరి.

ఈ యనర్థమునకు కుటుంబకలహములే కారణమని తేల్చివేయుట తగదు. పదవులను, పన్నులను, చుట్టరికములను జతపరచి ఈ కథను మొదట విపులముగా చూపినవారు పాల్ బోయర్, స్టీఫెన్ నిస్సెన్‌బామ్ అను చరిత్రకారులు. వారి గ్రంథము 1974లో వెలువడెను. 2002లో మేరీ బెత్ నార్టన్ అను చరిత్రకారిణి, ఉత్తరపు సరిహద్దులలో ఇండియనులతో జరిగిన యుద్ధముల భయము ఇందు ఎంత పనిచేసెనో చూపెను. పల్లె పడమర నిందించినవారు, తూర్పున నిందితులు అని మొదటివారు గీసిన పటము పూర్తిగా సరికాదని బెంజమిన్ రే అను పండితుడు 2008లో నిరూపించెను. నిందితులలో పలువురు ఇతర గ్రామములవారు. మంత్రగత్తెల భయము ఆ కాలమున యూరపునందును వ్యాపించియుండినదే. అయినను ఈ పల్లెలో ఆ నిప్పు ఏ యింటినుండి ఏ యింటికి ప్రాకెనో తెలిసికొనుటకు కమిటీ జాబితాయు, పెండ్లిండ్ల జాబితాయు నేటికిని గట్టి ఆధారములు.

తరువాత పల్లె తనను తాను ఎట్లు కూడదీసికొనెనో అదియు తెలియదగినది. 1695లో పారిస్ ఉండవలెనని 105 మంది, పోవలెనని 84 మంది సంతకములు చేసిరి. 1697లో మధ్యవర్తులు అతని బాకీ ఇప్పించి సాగనంపిరి. ఆ వెనుక వచ్చిన జోసెఫ్ గ్రీన్ అను యువబోధకుడు నేర్పరి. ప్రార్థనామందిరమున ఎవరు ఎచ్చట కూర్చుండవలెనను ఏర్పాటు ఆ కాలమున మర్యాదకు కొలబద్ద. ఆయన కాలములో చేసిన ఏర్పాటున పూర్వపు విరోధులైన కుటుంబములవారు ఒకరి సరసన నొకరు కూర్చుండిరి. 1706లో ఆన్ పట్నం సభయెదుట నిలుచుండగా, ఆమె క్షమాపణపత్రమును గ్రీన్ చదివి వినిపించెను. రెబెకా నర్స్ కుటుంబమునకు తాను కలిగించిన దుఃఖమునకై ధూళిలో సాగిలపడి క్షమాపణ వేడుచున్నానని ఆమె భావము. ఆ శ్రోతలలో నర్సులును ఉండిరి.

పల్లె కోరిన పూర్తి వరము ఎనుబది యేండ్లకు గాని లభింపలేదు. 1752లో అది డాన్వర్స్ అను పేరుతో సేలం టౌనునుండి వేరుపడెను. 1757లో సంపూర్ణమైన టౌనయ్యెను. నాటినుండి తన పెద్దలను, తన బాటల అధికారులను, తన కంచెల అధికారులను తానే ఎన్నుకొనసాగెను. చిన్న పదవులు చిన్న తగవులను చిన్నవిగానే ముగించుటకు ఏర్పడినవి. అవి లేని చోట చిన్న తగవు చోటు చాలక పెద్ద తీర్పులను వెదకికొనును.

డాన్వర్స్‌లో నర్సుల పొలమున 1885లో రెబెకాకు ఒక స్మారకశిల నిలిపిరి. 1892లో దాని చెంతనే మరియొక శిల నిలిపి, ఆమె పక్షమున సంతకము చేసిన ఇరుగుపొరుగువారి పేర్లు దానిపై చెక్కించిరి. వారు ఏ పదవికిని ఎన్నికైనందున ఆ గౌరవము పొందలేదు. ప్రాణభయముగల దినములలో పొరుగువారిని గూర్చి తాము ఎరిగిన సత్యమునకు తమ పేరు నిచ్చినందున పొందిరి. సేలం పల్లె కథలో చదువవలసిన మూడవ జాబితా అది.